అరస్వరం

సముద్రం లేని దేశం మాది.
బ్ర్నోలో నాలుగో అంతస్తు,
కిటికీ కింద మలుపు తిరుగుతూ ట్రామ్ కీచుమంటుంది.
పదకొండేళ్లుగా ఈ గదిలో
మూడు వందల లీటర్ల ఉప్పునీళ్లను పెంచుకుంటున్నాను.

మంగళవారం పొద్దున
కొమ్ముల పగడం మొదట్లో తెల్లబడింది.
పాల మీద మీగడ జరిగినట్టు
తోలు నీళ్లలోకి జారిపోతోంది,
కింద సున్నపు ఎముక.
సాయంత్రానికి దాని పక్కది.
గురువారానికి నీలి అంచు పళ్లెం పగడం.
వ్రతిస్లావ్ తన తొట్టెలోంచి విరిచిచ్చిన గోరంత ముక్క,
తొమ్మిదేళ్లకు అరచెయ్యంత అయింది.
ఒక్క రాత్రిలో పోయింది.

పరీక్ష సీసాలు బల్లమీద పేర్చాను.
చుక్క. చుక్క. ఇంకో చుక్క. ఊపి, దీపానికి పట్టి చూడ్డం.
ఉప్పు ముప్పై అయిదు.
క్షారం ఎనిమిది, నిన్నా ఎనిమిదే.
నైట్రేట్ లేత గులాబీ, ఎప్పటిలాగే.
థర్మామీటర్లు రెండూ ఒకే మాట మీదున్నాయి.
అర్ధరాత్రి టార్చికి ఎర్రగుడ్డ చుట్టి
పగడాలు తినే పురుగు కోసం రాళ్ల సందులన్నీ సోదా చేశాను.
తన దారిన పోతున్న ఒక నత్త దొరికింది.
అంతా బాగుందని రాసిన కాగితం చేతిలో,
అద్దం వెనక చావు.

అప్పుడే తప్పు చేశాను.
భయంతో సగం నీళ్లు తోడి పోసి కొత్తవి నింపాను,
దీపాలు తగ్గించాను, మందు వేశాను, మేత మార్చాను,
అన్నీ ఒక్క పూటలో.
తెల్లారేసరికి సుత్తి పగడం ముడుచుకుపోయింది.
ఫోన్లో వ్రతిస్లావ్ చాలాసేపు మాట్లాడలేదు.
"మొదటి మూడింటినీ ఏం చంపిందో నాకు తెలీదు.
నాలుగోదాన్ని నువ్వే చంపావు, యిత్కా.
ఒకసారికి ఒక్కటే మార్చు.
ఆ తర్వాత చేతులు జేబులో పెట్టుకో."

నా పని పియానోలకు శ్రుతి చేయడం.
పగలంతా ఇంటింటికీ తిరిగి చెవిని అద్దెకిస్తాను,
ఇల్లు చేరగానే కోటుతో పాటు
దాన్నీ కొక్కేనికి తగిలిస్తాను.

శుక్రవారం రాత్రి వీధంతా కరెంటు పోయింది.
నలభై నిమిషాలు.
గదిలో ఇంత నిశ్శబ్దం ఉండగలదని మర్చేపోయాను.
కరెంటు వచ్చింది, పంపు గొంతు సవరించుకుని అందుకుంది.
నాలుగేళ్లుగా 'జి' మీద నిలబడ్డ పంపు
అరస్వరం కిందికి దిగి పాడుతోంది.
అడుగున సన్నటి గరగర.

ఆ గరగర కొత్తది కాదు.
రెండాదివారాల కిందటే విన్నాను.
విని, లేచి,
రేడియో పెంచాను.

పంపు విప్పితే అయస్కాంతం తొడుగు
వెంట్రుకవాసి చీలింది.
లోపల ఇనుము ఉబ్బి, మాగిన టీ రంగులో
చుక్కచుక్కగా నా సముద్రంలోకి కారుతోంది.
బల్లమీది ఏడు సీసాల్లో
ఒక్కటి కూడా దీని సంగతి అడగలేదు.

బొగ్గు సంచీ దించాను. పంపు మార్చాను.
చేతులు జేబులో పెట్టుకున్నాను.
అంత కష్టమైన పని ఇంతకుముందు చేసి ఎరగను.

చచ్చినవాటిని బేసిన్లో కడిగి ఆరబెట్టాను.
పద్దు అడగడానికి వచ్చిన హెద్వికా గారు చూసి
"ఎంత తెల్లగా, ఎంత ముద్దుగా ఉన్నాయో! ఒకటివ్వరూ,
పియానో మీద పెట్టుకుంటాను" అంది.
ఆవిడ మెడలో మూడు పేటల పగడాలు.
ఏమీ అనలేదు.
పెద్దదాన్నే కాగితంలో చుట్టి ఇచ్చాను.

పళ్లెం పగడం కింద, నీడ పడేచోట,
కందిగింజంత నీలం మిగిలుంది.
రోజూ చూస్తున్నాను.
పెరుగుతోందో, నా కళ్లే పెంచుతున్నాయో.

కొత్త పంపు 'ఎఫ్ షార్ప్'లో పాడుతుంది.
చెవికి నచ్చలేదు, నిద్ర చెడగొడుతోంది.
అలవాటైపోతుందిలే అంటాడు వ్రతిస్లావ్.
కాకూడదనే చూస్తున్నాను.